క్రిప్టో సొమ్ము ఎక్కడ జారిపోతోంది? వజీర్‌ఎక్స్ నుంచి నకిలీ యాప్‌ల దాకా

క్లుప్తంగా: బిట్‌కాయిన్, ఇథీరియం నెట్‌వర్క్‌ల గణితాన్ని ఛేదించే అవసరం దొంగలకు రావడం లేదు. యజమానికి ఒకటి చూపించి మరొకదాని మీద సంతకం చేయించడం, మాటలతో నమ్మించి ఆయన చేతే డబ్బు పంపించుకోవడం వారికి సరిపోతోంది. వేల కోట్లు ఉన్న ఎక్స్ఛేంజీకైనా, చిన్న మదుపరికైనా ముప్పు వచ్చేది ఈ దారుల్లోనే. రక్షణ ఏర్పాట్లను కూడా ఇక్కడి నుంచే ఆలోచించాలి.

2024 జులై 18న దేశంలోని పెద్ద క్రిప్టో ఎక్స్ఛేంజీల్లో ఒకటైన వజీర్‌ఎక్స్ నుంచి 230 మిలియన్ డాలర్లకు పైగా విలువైన ఆస్తులు మాయమయ్యాయి. మన లెక్కలో దాదాపు రూ.2 వేల కోట్లు. కస్టమర్ల ఆస్తుల్లో ఇది సుమారు 45 శాతం. ఆ వాలెట్‌కు రక్షణ కరువైందా అంటే అదీ లేదు. దానికి ఆరుగురు సంతకందారులు. ఐదుగురు వజీర్‌ఎక్స్ వాళ్లు, ఒకటి కస్టడీ సంస్థ లిమినల్‌ది. రూపాయి కదలాలన్నా వజీర్‌ఎక్స్ నుంచి ముగ్గురు సంతకం చేయాలి, ఆపై లిమినల్ సంతకం పడాలి. వజీర్‌ఎక్స్ వాళ్లు వాడింది హార్డ్‌వేర్ వాలెట్లు, అంటే రహస్య కీని కంప్యూటర్‌కు బయట దాచే చిన్న పరికరాలు. ఏయే చిరునామాలకు పంపవచ్చో ఆ జాబితా కూడా ముందే ఖరారై ఉంది.

క్రిప్టో భద్రత గురించి ఎక్కడ అడిగినా వినిపించే సలహాలన్నీ అమలులో ఉన్న వాలెట్ అది. అయినా ఖాళీ అయింది. ఎలా అన్నది అర్థమైతే, ఫోన్‌లో పది వేల రూపాయల కాయిన్లు ఉంచుకున్న వారికి కూడా ప్రమాదం ఎటు నుంచి వస్తుందో తెలుస్తుంది.

వాలెట్‌లో ఉండేది ఏమిటి?

వాలెట్‌లో కాయిన్లు ఉండవు. ఏ చిరునామాకు ఎంత ఉందన్న లెక్క బ్లాక్‌చెయిన్ మీద, ప్రపంచవ్యాప్తంగా వేల కంప్యూటర్లలో నమోదై ఉంటుంది. వాలెట్‌లో ఉండేది ప్రైవేట్ కీ, అంటే ఒక పెద్ద రహస్య సంఖ్య. ఆ సంఖ్యతో డిజిటల్ సంతకం పడితే నెట్‌వర్క్ ఆ లావాదేవీని అమలు చేస్తుంది. సంతకం చేసింది అసలు యజమానా, దొంగా, బెదిరింపులకు లొంగిన యజమానా అన్న ప్రశ్న నెట్‌వర్క్‌కు లేదు. బ్యాంకులోనైతే ఫిర్యాదు చేసి లావాదేవీని నిలిపివేయించే ప్రయత్నమైనా చేయవచ్చు. ఇక్కడ మేనేజర్ లేడు, వెనక్కి తిప్పే బటన్ లేదు.

ఆ సంఖ్యను మనుషులు రాసుకోవడానికి వీలుగా 12 లేదా 24 ఇంగ్లిష్ పదాల వరుసగా ఇస్తారు. అదే సీడ్ ఫ్రేజ్. 2,048 పదాల ఖరారైన జాబితా నుంచి ఈ పదాలు వస్తాయి. 12 పదాల ఫ్రేజ్‌కు సాధ్యమయ్యే కలయికల సంఖ్య 128 రెండ్లను ఒకదానితో ఒకటి గుణిస్తే వచ్చేంత. ఇప్పుడున్న కంప్యూటర్లు ఎన్నేళ్లు ఊహించుకుంటూ పోయినా దాన్ని పట్టుకోలేవు. అందుకే దొంగలు ఊహించే పని పెట్టుకోరు. అడుగుతారు, లేదా రాసిపెట్టిన చోటు వెతుకుతారు.

వెతికే పనిని ఇప్పుడు సాఫ్ట్‌వేరే చేస్తోంది. 2025 ఫిబ్రవరిలో సైబర్ భద్రత సంస్థ కాస్పర్‌స్కీ బయటపెట్టిన స్పార్క్‌క్యాట్ అనే మాల్వేర్ గూగుల్ ప్లేలోనే కాదు, యాపిల్ యాప్ స్టోర్‌లోని కొన్ని యాప్‌లలోనూ దూరింది. అది ఫోన్ గ్యాలరీలోని ఫొటోల్లో ఉన్న అక్షరాలను చదివి, సీడ్ ఫ్రేజ్‌లా కనిపించిన వాటిని దొంగలకు పంపుతుంది. వాలెట్ తెరిచిన రోజు, తర్వాత కాగితం మీద రాసుకోవచ్చులే అని తీసి మరచిపోయిన స్క్రీన్‌షాట్ దానికి చాలు.

చూసిందొకటి, సంతకం చేసిందొకటి

వజీర్‌ఎక్స్ ఉదంతంలో ఏ సంతకందారు కీ కూడా పోలేదని కంపెనీ చెప్పింది. స్క్రీన్ మీద మామూలు బదిలీ కనిపించింది. సంతకం మాత్రం వేరే ఆదేశం మీద పడింది. ఆ ఆదేశం వాలెట్‌ను నడిపే స్మార్ట్ కాంట్రాక్టును (బ్లాక్‌చెయిన్ మీద దానంతట అదే నడిచే ప్రోగ్రాంను) తొలగించి, దాని స్థానంలో దొంగల కాంట్రాక్టును పెట్టింది. అది జరిగిన క్షణం నుంచి దొంగలకు ఎవరి సంతకంతోనూ పని లేకపోయింది. తప్పు తమ వైపు లేదని లిమినల్, లిమినల్ తెర మీద చూపిందే తప్పని వజీర్‌ఎక్స్ వాదించుకున్నాయి. 2025 జనవరిలో అమెరికా, జపాన్, దక్షిణ కొరియా ఉమ్మడి ప్రకటనలో ఈ చోరీ ఉత్తర కొరియా పనేనని పేర్కొన్నాయి.

ఆ ప్రకటన వచ్చిన మరుసటి నెలలోనే ఇదే తీరు ఆరు రెట్లకు పైగా పెద్ద మొత్తంతో పునరావృతమైంది. 2025 ఫిబ్రవరి 21న దుబాయ్ కేంద్రంగా నడిచే బైబిట్ ఎక్స్ఛేంజీ నుంచి 4 లక్షలకు పైగా ఈథర్ (ఇథీరియం నెట్‌వర్క్ కాయిన్), దాదాపు 150 కోట్ల డాలర్లు పోయాయి. ఒక్క దెబ్బలో ఇంత పెద్ద క్రిప్టో చోరీ అంతకు ముందు జరగలేదు. బైబిట్ వాడిన సేఫ్ అనే మల్టీసిగ్ (పలువురు సంతకం చేయాల్సిన) వాలెట్ డెవలపర్లలో ఒకరి కంప్యూటర్‌లోకి దొంగలు ముందే చొరబడి, వెబ్ పేజీ కోడ్‌లో చిన్న మార్పు చేశారు. ఆ మార్పు మిగతా వారి లావాదేవీలను ముట్టుకోదు. బైబిట్ వాలెట్ వచ్చినప్పుడే పని చేస్తుంది. చివరి సంతకం కంపెనీ సీఈఓ బెన్ ఝౌది. హార్డ్‌వేర్ వాలెట్ కీని కాపాడింది, అందులో లోపం లేదు. కానీ దాని చిన్న తెర మీద కనిపించిన అక్షరాల వరుసను చదివి, ఇది బదిలీయా, వాలెట్ యాజమాన్యాన్నే మార్చే ఆదేశమా అని మనిషి తేల్చుకోగలగాలి. అర్థం కాకుండానే నొక్కేయడాన్ని ఈ రంగంలో బ్లైండ్ సైనింగ్ అంటారు.

ఆ డెవలపర్ల కంప్యూటర్లలోకి చొరబడే దారి తెలుగు ఐటీ ఉద్యోగులకు ప్రత్యేకంగా తెలియాల్సినది. 2024 మేలో జపాన్ ఎక్స్ఛేంజీ డీఎంఎం బిట్‌కాయిన్ నుంచి 308 మిలియన్ డాలర్లు పోయాయి. దానికి వాలెట్ సాఫ్ట్‌వేర్ అందించే కంపెనీ ఉద్యోగిని లింక్డ్‌ఇన్‌లో ఒక రిక్రూటర్ పలకరించడంతో అది మొదలైందని ఎఫ్‌బీఐ తేల్చింది. ఉద్యోగానికి ముందు పరీక్ష అంటూ గిట్‌హబ్‌లో ఉన్న పైథాన్ ప్రోగ్రాం ఇచ్చారు. ఉద్యోగి దాన్ని తీసుకున్నాడు. మిగతా కథ అక్కడి నుంచే నడిచింది. మంచి జీతం ఆశ చూపి, కోడింగ్ టెస్ట్ పేరుతో తెలియని కోడ్‌ను సొంత ల్యాప్‌టాప్‌లో నడపమని అడిగితే, ఆ ల్యాప్‌టాప్‌లో వాలెట్ ఉన్నా, ఆఫీసు లాగిన్ ఉన్నా ఆగి ఆలోచించాల్సిందే.

అదే ఎత్తుగడ, చిన్న వాలెట్ల మీద

ఎక్స్ఛేంజీల మీద ప్రయోగించే తెలివినే చిన్న మదుపరుల మీద టోకున ప్రయోగిస్తున్నారు. ఉచిత టోకెన్లు ఇస్తామంటూ ఎయిర్‌డ్రాప్ లింకు వస్తుంది. తెరిస్తే ఏదో పేరున్న ప్రాజెక్టు వెబ్‌సైట్‌ను పోలిన పేజీ. వాలెట్ కనెక్ట్ చేయమంటుంది. చేసిన వెంటనే అప్రూవ్ అనే పెట్టె తెరుచుకుంటుంది.

ఇథీరియం తరహా నెట్‌వర్క్‌లలో అప్రూవ్ అంటే, ఫలానా కాంట్రాక్టు తన వాలెట్‌లోని ఫలానా టోకెన్‌ను ఇంత మేరకు తీసుకోవచ్చని యజమాని ఇచ్చే అనుమతి. మొత్తం దగ్గర పరిమితి లేదని ఉంటే అది ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టి ఇవ్వడమే. డబ్బు అప్పటికప్పుడు కదలదు కాబట్టి ఏమీ జరగలేదనిపిస్తుంది. వారం తర్వాతో నెల తర్వాతో ఆ టోకెన్లు ఎక్కువగా చేరినప్పుడు దొంగ వచ్చి తీసుకుపోతాడు. వాలెట్ నుంచి వెబ్‌సైట్‌ను డిస్‌కనెక్ట్ చేసినంత మాత్రాన ఈ అనుమతి పోదు. బ్లాక్‌చెయిన్ మీద మరో లావాదేవీ చేసి ఆ అనుమతిని రద్దు చేయాలి. పర్మిట్ అనే పద్ధతిలోనైతే అనుమతికి లావాదేవీ రుసుము కూడా పడదు, కేవలం ఒక సంతకం చాలు. ఫీజు లేదంటే ప్రమాదం లేదనుకునేవారు ఇక్కడే చిక్కుతున్నారు.

ఇంకో పద్ధతి అడ్రస్ పాయిజనింగ్. ఇథీరియం చిరునామా 42 అక్షరాల వరుస. వాలెట్ యాప్‌లు సాధారణంగా మొదటి కొన్ని, చివరి కొన్ని అక్షరాలే చూపిస్తాయి. ఒకరు తరచూ డబ్బు పంపే చిరునామాకు అటూ ఇటూ సరిపోయేలా దొంగ కొత్త చిరునామా తయారు చేసి, దాని నుంచి సున్నా విలువ లావాదేవీ ఒకటి పంపుతాడు. అది బాధితుడి హిస్టరీలో చేరుతుంది. తర్వాతిసారి పాత లావాదేవీ నుంచి చిరునామా కాపీ చేసుకుంటే దొంగదే వచ్చి పడుతుంది. 2024 మేలో ఒక మదుపరి ఇలాగే సుమారు 68 మిలియన్ డాలర్ల విలువైన 1,155 వ్రాప్డ్ బిట్‌కాయిన్లు (ఇథీరియం మీద నడిచే బిట్‌కాయిన్ రూపం) పంపేశాడు. ముందు కొద్ది మొత్తం పంపి సరిచూసుకున్న మనిషే. ఆ పరీక్ష లావాదేవీని గమనించే దొంగ పోలిక చిరునామాను మధ్యలో దూర్చాడు. సంప్రదింపుల తర్వాత చాలా వరకు వెనక్కి వచ్చింది, అది అరుదైన అదృష్టం. చిన్న మొత్తం పంపి చూడడం మంచి అలవాటే. కానీ రెండోసారి కూడా చిరునామాను హిస్టరీ నుంచి కాక, ముందే భద్రపరచుకున్న కాంటాక్టు నుంచి తీసుకుంటేనే ఆ అలవాటు అక్కరకొస్తుంది.

ఎక్స్ఛేంజీలో ఉంచాలా, సొంతంగా పెట్టుకోవాలా?

ఎక్స్ఛేంజీ యాప్‌లో కనిపించే బ్యాలెన్స్ ఆ కంపెనీ పుస్తకాల్లో మనకు రావాల్సిన బాకీ. కీ వాళ్ల దగ్గర ఉంటుంది. బ్యాంకు మునిగితే రూ.5 లక్షల వరకు డిపాజిట్ బీమా ఉంది, క్రిప్టోకు అలాంటిదేమీ లేదు. 2023 మార్చి నుంచి ఎక్స్ఛేంజీలు మనీ లాండరింగ్ నిరోధక చట్టం పరిధిలోకి వచ్చి, కేంద్ర ఆర్థిక నిఘా విభాగం ఎఫ్ఐయూ దగ్గర నమోదు కావాల్సి ఉంది. ఈ రిజిస్ట్రేషన్‌ను ప్రకటనల్లో చూసి ప్రభుత్వ హామీ అనుకోవడం పొరపాటు. అది నల్లధనం మీద నిఘా కోసం పెట్టింది. కస్టమర్ సొమ్ము ఎలా దాచాలో అది చెప్పదు.

చోరీ జరిగాక ఏమవుతుందన్నది కంపెనీ జేబును బట్టి ఉంటుంది. బైబిట్ అప్పులు తెచ్చి, కొనుగోళ్లు చేసి కొద్ది రోజుల్లోనే లోటు పూడ్చింది, విత్‌డ్రాయల్స్ ఆపలేదు. 2025 జులై 19న దేశీ ఎక్స్ఛేంజీ కాయిన్‌డీసీఎక్స్ నుంచి 44 మిలియన్ డాలర్లు పోయినప్పుడు, దెబ్బ తగిలింది కంపెనీ సొంత కార్యకలాపాల ఖాతాకు కావడంతో నష్టాన్ని సంస్థే భరిస్తానంది. వజీర్‌ఎక్స్ కస్టమర్లకు ఈ రెండూ దక్కలేదు. సింగపూర్ హైకోర్టులో పునర్వ్యవస్థీకరణ ప్రక్రియ సాగింది. ట్రేడింగ్ మళ్లీ మొదలైంది 2025 అక్టోబరులో, అంటే 15 నెలల తర్వాత. తమ కాయిన్లు అసలు చోరీనే కానివారు కూడా నష్టంలో వాటా మోయాల్సి వచ్చింది. చోరీ అయిన టోకెన్లతో సంబంధం లేని ఎక్స్‌ఆర్‌పీ కాయిన్లున్న ఒక కస్టమర్ మద్రాసు హైకోర్టుకు వెళితే, క్రిప్టో చట్టం దృష్టిలో ఆస్తేనని, దాన్ని ట్రస్టుగా పట్టి ఉంచవచ్చని 2025 అక్టోబరులో కోర్టు చెప్పి మధ్యంతర రక్షణ ఇచ్చింది. మన దేశంలో క్రిప్టో హక్కుల మీద వచ్చిన ముఖ్యమైన తీర్పుల్లో ఇదొకటి.

అలాగని అందరూ సొంత వాలెట్‌కు మారిపోవాలనడం సరి కాదు. సొంత వాలెట్‌లో పాస్‌వర్డ్ మరిచిపోయానంటే సాయపడే కస్టమర్ కేర్ ఉండదు. యజమాని హఠాత్తుగా చనిపోతే, సీడ్ ఫ్రేజ్ ఎక్కడుందో తెలియని కుటుంబానికి ఆ సొమ్ము కంటికి కనిపిస్తుంది గానీ చేతికి రాదు. కొన్ని వేల రూపాయలు పెట్టి అప్పుడప్పుడూ కొని అమ్మేవారికి, ఎఫ్ఐయూ నమోదు ఉన్న ఎక్స్ఛేంజీలో పోయినా తట్టుకోగలిగినంత మొత్తం ఉంచుకోవడమే నయం. సంవత్సరాల పాటు కదపని పెద్ద మొత్తమైతే హార్డ్‌వేర్ వాలెట్ ఖర్చుకు అర్థం ఉంది. దాన్ని తయారీదారు నుంచే కొనాలి. సీడ్ ఫ్రేజ్ ముందే రాసి ఉన్న కార్డు పెట్టెలో కనిపిస్తే అది మోసమే, ఎందుకంటే అసలు పరికరం ఆ పదాలను యజమాని ముందే, తన తెర మీదే పుట్టిస్తుంది.

హ్యాకర్ల కంటే పెద్ద దోపిడీ

వార్తల్లో హ్యాకింగ్‌కు దక్కే చోటు, అది చేసే నష్టానికి తగ్గట్టుగా లేదు. 2024లో ప్రపంచం మొత్తం మీద క్రిప్టో హ్యాకింగ్‌ల్లో పోయింది 220 కోట్ల డాలర్లని బ్లాక్‌చెయిన్ విశ్లేషణ సంస్థ చైనాలిసిస్ లెక్క. అదే ఏడాది క్రిప్టోతో ముడిపడిన మోసాల్లో పోగొట్టుకున్నామని ఒక్క ఎఫ్‌బీఐకి అందిన ఫిర్యాదుల మొత్తమే 930 కోట్ల డాలర్లు. అందులో సగానికి పైగా, 580 కోట్లు, పెట్టుబడి మోసాలే. ఇక్కడ కీ దొంగిలించే పనే లేదు. బాధితుడే స్వయంగా పంపుతాడు.

మన దగ్గర ఇది నడిచే తీరు దాదాపు ఒకే మూసలో ఉంటుంది. వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో గ్రూపులో చేరుస్తారు, లేదా పెళ్లి సంబంధాల సైటులో, ఇన్‌స్టాగ్రామ్‌లో పరిచయం పెంచుకుంటారు. యూఎస్‌డీటీ (డాలర్ విలువకు ముడిపెట్టిన కాయిన్) కొనిపించి ఒక యాప్‌లోకి పంపమంటారు. ఆ యాప్‌లో అంకెలు రోజూ పెరుగుతుంటాయి. మొదట ఐదు వేలో పది వేలో విత్‌డ్రా చేసుకోనిస్తారు. నమ్మకం కుదిరాక బంగారం తాకట్టు పెట్టి, అప్పు చేసి లక్షలు పోస్తారు. తీరా పెద్ద మొత్తం తీసుకోబోతే, లాభం మీద 30 శాతం ట్యాక్స్ ముందు కట్టాలంటారు.

ఈ చివరి మాట వినడానికి చట్టబద్ధంగా ఉండడంతో చాలామంది రెండోసారి కూడా మోసపోతున్నారు. దేశంలో క్రిప్టో లాభాల మీద 30 శాతం పన్ను 2022 ఏప్రిల్ నుంచి ఉన్నమాట నిజమే. అయితే దాన్ని కట్టేది ఆదాయపు పన్ను శాఖకు. ప్లాట్‌ఫామ్‌కు కాదు. ఎక్స్ఛేంజీ చేసేది అమ్మకం విలువలో 1 శాతం టీడీఎస్ పట్టుకోవడం మాత్రమే. సొంత సొమ్ము వెనక్కి తీసుకోవడానికి బయటి నుంచి కొత్తగా డబ్బు తెచ్చి కట్టమన్న చోట లోపల సొమ్ము లేదనే అర్థం. పోయింది రాబట్టిస్తామంటూ ఫీజు అడిగే రికవరీ ఏజెంట్లు సాధారణంగా అదే ముఠా, లేదా ఆ ముఠా నుంచి బాధితుల జాబితా కొనుక్కున్న మరో ముఠా.

ఫోన్‌కు అటు వైపు ఉన్నవారిలో మనవాళ్లూ ఉన్నారు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మి కాంబోడియా వెళ్లి, సైబర్ మోసాలు చేయించే క్యాంపుల్లో చిక్కుకున్న ఉత్తరాంధ్ర యువకుల ఉదంతం 2024 మేలో విశాఖ పోలీసుల దర్యాప్తుతో బయటికి వచ్చింది. పాస్‌పోర్టులు లాక్కుని, లక్ష్యాలు పెట్టి, చేయకపోతే కొట్టి పని చేయించిన చోట్లు అవి.

మోసం జోలికి పోనివారికి కూడా దీని సెగ తగులుతోంది. పీ2పీ (వ్యక్తి నుంచి వ్యక్తికి నేరుగా అమ్మే) పద్ధతిలో యూఎస్‌డీటీ అమ్మితే కొన్నవారి నుంచి రూపాయలు నేరుగా బ్యాంకు ఖాతాకు వస్తాయి. ఆ రూపాయలు వేరే రాష్ట్రంలో ఎవరో మోసపోయి పంపినవైతే, సైబర్ పోలీసుల సూచనతో అమ్మినవారి ఖాతా స్తంభించిపోతుంది. మార్కెట్ రేటు కంటే రెండు మూడు రూపాయలు ఎక్కువిస్తామనే కొనుగోలుదారుడి దగ్గర ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

పేరు, ఫోన్ నంబరు, బ్యాలెన్స్ తెలిస్తే

మోసగాడికి కీ కంటే ముందు కావాల్సింది ఎవరి దగ్గర ఎంత ఉందన్న సమాచారం. 2025 మేలో అమెరికా ఎక్స్ఛేంజీ కాయిన్‌బేస్, విదేశాల్లో ఉన్న తన కస్టమర్ సపోర్ట్ సిబ్బందికి లంచమిచ్చి 69,461 మంది వివరాలు రాబట్టారని ప్రకటించింది. పాస్‌వర్డ్‌లు, కీలు పోలేదు. పేర్లు, చిరునామాలు, గుర్తింపు పత్రాల బొమ్మలు, బ్యాలెన్సులు పోయాయి. కంపెనీ నుంచే మాట్లాడుతున్నట్టు ఫోన్ చేసి, ఖాతా ప్రమాదంలో ఉంది, సొమ్మును ఈ సురక్షిత వాలెట్‌కు మార్చండి అని చెప్పడానికి ఆ వివరాలు చాలు. ఈ కేసులోనే ఒక మాజీ సపోర్ట్ ఉద్యోగిని హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేశారని ఆ సంస్థ సీఈఓ 2025 డిసెంబరులో వెల్లడించారు. ఎన్నారైల్లో చాలామందికి అక్కడే ఖాతాలున్నాయి. బ్యాలెన్స్ సరిగ్గా చెప్పినంత మాత్రాన ఫోన్ చేసినవాడు కంపెనీ మనిషని నమ్మడానికి ఇక వీల్లేదు.

సిమ్ స్వాప్ (మన నంబరు మీద దొంగ డూప్లికేట్ సిమ్ తీసుకోవడం) ముప్పు మన దేశంలో కొంత తగ్గింది. డూప్లికేట్ సిమ్ తీసుకున్నాక 24 గంటల పాటు ఎస్ఎంఎస్‌లు రావు, వారం దాకా నంబరు పోర్ట్ చేయడం కుదరదు. అయినా ఓటీపీ ఎస్ఎంఎస్ కంటే ఆథెంటికేటర్ యాప్, దానికంటే పాస్‌కీ (పాస్‌వర్డ్‌కు బదులు ఫోన్ లాక్‌తో లాగిన్ అయ్యే పద్ధతి) గట్టివి. పాస్‌కీ నకిలీ వెబ్‌సైట్‌లో పని చేయదు, కాబట్టి యజమాని పొరబడినా అది పొరబడదు.

పోయిందని తెలిశాక

మొదటి గంటల్లో చేసే పనులకే కాస్తో కూస్తో ఫలితం ఉంటుంది. వాలెట్‌లో ఇంకా ఏమైనా మిగిలి ఉంటే కొత్త సీడ్ ఫ్రేజ్‌తో, వేరే పరికరంలో తెరిచిన వాలెట్‌కు వెంటనే మార్చాలి. సీడ్ ఫ్రేజ్ బయటపడితే దానికి పాస్‌వర్డ్‌లా మార్చుకునే వీలుండదు, ఆ వాలెట్‌ను వదిలేయాల్సిందే. పోయింది అప్రూవ్ అనుమతి వల్లయితే దాన్ని రద్దు చేయాలి.

వెంటనే 1930కి ఫోన్ చేయాలి, లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. లావాదేవీ హ్యాష్ (బ్లాక్‌చెయిన్‌లో ఆ లావాదేవీ గుర్తింపు సంఖ్య), దొంగ వాలెట్ చిరునామా, ఏ నెట్‌వర్క్, ఎన్ని గంటలకు అన్నవి రాసి ఇవ్వాలి. కేవలం స్క్రీన్‌షాట్ ఇస్తే చిరునామా మొత్తం కనిపించదు, టెక్స్ట్‌గానే ఇవ్వాలి. నకిలీ యాప్ మోసాల్లో సొమ్ము తరచుగా ముందు రూపాయల్లో ఏదో అద్దె ఖాతాకు వెళ్లి, అక్కడి నుంచి క్రిప్టోగా మారుతుంది. ఆ రూపాయల మెట్టు దగ్గర బ్యాంకు ద్వారా ఆపే అవకాశం ఉంది, అది గంటల్లోనే ముగిసిపోతుంది. పోయింది యూఎస్‌డీటీ అయితే, పోలీసులు అడిగితే జారీ సంస్థ టెథర్ ఆ చిరునామాను స్తంభింపజేయగలదు. గతంలో చేసింది కూడా. బిట్‌కాయిన్, ఈథర్‌లకు అలా స్తంభింపజేసే సంస్థ లేదు. వాటిని దొంగ ఏదైనా ఎక్స్ఛేంజీలోకి పంపినప్పుడు పట్టుకోవాలి, అది కూడా ఆ చిరునామా ఫిర్యాదుల్లో ముందే నమోదై ఉంటేనే.